శనివారం ప్రకటనలు

ప్రిస్కిల్లా గొంతు ఆ మండలంలో చాలామంది తల్లులకు తెలుసు. మనిషిని మాత్రం గుర్తుపట్టేవాళ్లు తక్కువ. శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వాట్సాప్‌లో ఆమె మాట వస్తుంది. పిల్లలకి అన్నం పెడుతూ, గేదెకి గడ్డి వేస్తూ, ఫోను గట్టిగా పెట్టుకుని వింటారు.

"నమస్కారమండి. మన మండలం బడుల కబుర్లు. వచ్చే మంగళవారం పెద్ద హైస్కూలుకి పంటి డాక్టర్లు వస్తున్నారండి. కొత్త బూట్లు బిగుతైన పిల్లలు సోమవారం తీసుకొస్తే మార్చి ఇస్తారండి. అమ్మాయిల కబడ్డీ జట్టు జిల్లా పోటీలకి వెళ్తోందండి, వాళ్లకి మన అందరి దీవెనలు."

ఇలా సాగుతుంది. ఎక్కడ ఆధార్ క్యాంపు పెడుతున్నారు, ఏ బడిలో తల్లిదండ్రుల మీటింగు ఎప్పుడు, వాన పడితే సెలవు ఉందా లేదా, ఒంటిపూట బడులు ఎప్పటినుంచి. చివర "ఉంటానండి" అంటుంది. ఆ తర్వాత బొటనవేలి గుర్తులూ దండం బొమ్మలూ వరసగా వచ్చి పడతాయి. మాట ఎవరూ రాయరు.

ఆమెది మొగల్తూరు దగ్గర ఒక పల్లె. బీఈడీ చదివింది. టీచరు ఉద్యోగానికి పరీక్ష రాసిన ప్రతిసారీ కొద్దిలో తప్పింది. చివరికి మండల విద్యాశాఖ ఆఫీసులో కాంట్రాక్టు పని దొరికింది. ఆఫీసు నుంచి బడులకీ, బడుల నుంచి ఆఫీసుకీ స్కూటీ మీద తిరిగి సమాచారం చేరవేయడమే ఆ పని. ఆఫీసున్న ఊళ్లోనే కాలవ ఒడ్డున ఒక మేడ మీద గది తీసుకుని ఉంటోంది. నలభై దాటాయి. పెళ్లి కాలేదు. కుదిరినట్టే కుదిరి రెండు సంబంధాలు తప్పిపోయాక, అమ్మకి పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత పెళ్లి మాట ఆమె ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు.

శనివారం కబుర్లు కరోనా రోజుల్లో మొదలయ్యాయి. బడులు మూతబడి, టీవీలో పాఠాలు చెప్తున్నప్పుడు ఏ క్లాసు ఏ వేళకో తల్లిదండ్రుల గ్రూపులో టైపు చేసి పెట్టేది. ఒక తల్లి ఫోన్ చేసి, "మాకు చదవడం రాదమ్మా, నోటితో చెప్పండి" అంది. చెప్పింది. ఆ ఏడాది గడిచాక కూడా చెప్పడం ఆగలేదు.

అలా చెప్పడం ఆమెకి తండ్రి నుంచి వచ్చింది. అబ్రహాము కూలిపని చేసుకునేవాడు గానీ లూథరన్ గుడిలో సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన చివర ఆయన లేచి ప్రకటనలు చదివేవాడు. ఫలానా వారి అమ్మాయి పెళ్లి, ఫలానా వారు జబ్బుగా ఉన్నారు గనుక ప్రార్థించండి, స్త్రీల కూటం గురువారానికి మారింది. చావుకీ పెళ్లికీ ఆయన గొంతు ఒక్కలాగే ఉండేది. తొందర ఉండేది కాదు. చిన్నప్పుడు ఆమెకి ప్రసంగం కంటే ఆ ప్రకటనలే బాగుండేవి. ఊరంతా ఒకసారి కళ్లముందు నుంచి నడిచి వెళ్లినట్టుండేది.

తండ్రి ముందే పోయాడు. తల్లి సంపూర్ణమ్మ మంచం మీద కొన్నేళ్లు ఆ మేడ గదిలోనే ఉండి, ఒక చలికాలం గురువారంనాడు కన్నుమూసింది. శుక్రవారం ఊరికి తీసుకెళ్లి భూస్థాపన చేశారు. తమ్ముడు కిరణ్ కుమార్ విశాఖపట్నం నుంచి వచ్చి, సెలవు లేదని ఆ సాయంత్రమే బస్సెక్కాడు. శనివారం ప్రిస్కిల్లా గదికి తిరిగి వచ్చింది. అమ్మ మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. ఎవరో చుట్టాలు మడత పెట్టి ఉంటారు. ఆ పక్కనే కూర్చుని ఫోను తీసి, మండల స్థాయి సైన్స్ ఫెయిర్ గురించి చెప్పింది. ఏ బడి పిల్లలు ఏ గదిలో, మధ్యాహ్నం భోజనం ఎక్కడ, తిరుగు ఆటోలు ఎన్నింటికి. "ఉంటానండి" అంది. బొటనవేలి గుర్తులు వచ్చాయి.

సోమవారం ఆఫీసులో అందరూ పలకరించారు. ఎంఈవో మురళీకృష్ణ గారు రెండు రోజులు సెలవు తీసుకోమన్నారు. అంతవరకే. ఎవరింటి కబురైనా మండలమంతా వినేలా చెప్పగల మనిషి తన ఇంటి కబురు ఎవరికీ చెప్పలేదు. ఎక్కడ చెప్పాలో ఆమెకి తోచలేదు.

ఆ తర్వాత కొంతకాలానికి, ఒక జూన్‌లో, గ్రూపు నిండిపోయింది. ఒకటో తరగతిలో చేరిన పిల్లల తల్లిదండ్రుల్ని కలపడానికి చోటు లేదు. మండలం బడుల్లో పిల్లలు లేనివాళ్లందరినీ తీసెయ్యమని మురళీకృష్ణ గారు చెప్పారు. ప్రిస్కిల్లా, కంప్యూటరు దగ్గర పనిచేసే బుజ్జిబాబు కూర్చుని రెండు రోజులు అదే పని చేశారు. పేర్లు చదవడం, చూడడం, తీసెయ్యడం. ఆ శనివారం కబుర్లు కొత్తవాళ్లకి కూడా వెళ్లాయి.

సోమవారం ఉదయం ఆఫీసు గుమ్మంలో ఒకాయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. అరచేతులు కొబ్బరి పీచు రంగులో ఉన్నాయి.

"శనివారం మాట్లాడే మేడమ్ గారు ఎవరండి?" అని అడిగాడు.

బుజ్జిబాబు ఆమెని చూపించాడు. ఆయన దగ్గరికి వచ్చి, తన ఫోనుకి మొన్న ఆమె మాట రాలేదని చెప్పాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పేరు వెంకన్న. గోదావరి గట్టు దిగువన లంక ఊరు. కొబ్బరికాయలు వలిచే పని. పాప పేరు దుర్గాశ్రీ అన్నాడు.

"ఏ క్లాసండి?"

ఆయన కాస్త ఆగి, "ఇప్పుడు పది అండి" అన్నాడు.

బుజ్జిబాబు లంక దగ్గరి హైస్కూలు పదో తరగతి చూశాడు. ఆ పేరు లేదు. ప్రైవేటు స్కూలుకి మారిందా అని ప్రిస్కిల్లా అడిగింది.

"లేదండి" అన్నాడు వెంకన్న. "పాప లేదండి. పెద్ద వరదొచ్చిన ఏడాది గట్టు మీద టెంట్లలో ఉన్నామండి. నీళ్లు తీశాక ఇంటికెళ్లాం. జ్వరమొచ్చింది. ఏడో క్లాసులో ఉందండి అప్పుడు."

బుజ్జిబాబు కీబోర్డు మీద నుంచి చేతులు తీశాడు. 

వెంకన్న నేలకేసి చూస్తూ మిగతాది చెప్పాడు. పాప పోయాక కూడా ఫోనుకి కబుర్లు వస్తూనే ఉన్నాయి. మొదట్లో వినలేకపోయాడు. తర్వాత వినకుండా ఉండలేకపోయాడు. ఎనిమిదో క్లాసు వాళ్లకి ట్యాబులిస్తున్నారంటే ఇప్పుడు మన పాప ట్యాబు తెచ్చుకునేది అనుకునేవాడు. తొమ్మిదో క్లాసు పరీక్షలంటే ఇప్పుడు చదువుకుంటూ ఉండేది అనుకునేవాడు. వాళ్లావిడ పాపాయమ్మకి అది నచ్చేది కాదు. ఆయన కబుర్లు పెట్టగానే లేచి పెరట్లోకి వెళ్లిపోయేది.

"మొన్న శనివారం ఆవిడే అడిగిందండి" అన్నాడు. "ఏంటి, ఇవాళ ఆవిడ మాట్లాడలేదు, ఒంట్లో బాగోలేదా అని. పెరట్లోంచి వినేదని నాకు అప్పుడే తెలిసిందండి."

ప్రిస్కిల్లా కుర్చీలోంచి లేచింది. తప్పయిపోయిందండి అంది. తప్పేం లేదండి, మీకు చెప్పినట్టు మీరు చేశారు అన్నాడాయన. తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు అన్నాడు.

"ఒక చలికాలం మీ గొంతు తేడాగా ఉందండి. సైన్స్ ఫెయిర్ గురించి చెప్పారు. జలుబు కాదు. ఈవిడ ఇంట్లో ఏదో జరిగుంటుందని మా ఆవిడతో అన్నాను."

"మా అమ్మ పోయారండి" అంది ప్రిస్కిల్లా.

"అనుకున్నానండి" అన్నాడు.

ఇంకేమీ అడగలేదు. ఆమె ఆయన ఫోను చేతిలోకి తీసుకుని నంబరు మళ్లీ గ్రూపులో కలిపింది. గ్రూపు పేరు తెర మీద కనిపించేదాకా ఆయన చూసి, దండం పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మురళీకృష్ణ గారికి ఆమె ఆ సంగతి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ విని, సరేనమ్మా అన్నారు.

ఆ రోజంతా ఆమెకి స్థిమితం లేదు. తాము తీసేసినవాళ్లలో ఇంకెవరైనా ఇలా ఉన్నారేమో అనిపించింది. సాయంత్రం గదిలో కూర్చుని కొందరికి ఫోన్ చేసింది. ఒకాయన పిల్లలు హైదరాబాదులో చదువుతున్నారు, గ్రూపులో ఉన్నట్టే గుర్తులేదన్నాడు. ఒకావిడ తీసేస్తే తీసేశారులే, ఫోను నిండిపోతోంది అంది. ఇంకొకావిడ, ఇంతకీ మీరెవరండి అని అడిగింది. ఆ తర్వాత ఆమె ఇంకెవరికీ చేయలేదు.

అప్పటినుంచి శనివారాలు మారాయి. ఇదివరకు ఆమె గోడకేసి చూస్తూ చెప్పేది. ఇప్పుడు ఒక పూరిపాకలో చాప మీద కూర్చున్న మనిషీ, పెరట్లో నిలబడిన ఆడమనిషీ మనసులో ఉండేవారు. ఆ ఇల్లు పూరిపాకో పెంకుటిల్లో ఆమెకి తెలియదు. పదో తరగతి సంగతులు కొంచెం ఎక్కువ చెప్పేది. పొద్దున్నే ప్రత్యేక తరగతులు మొదలయ్యాయని, వాళ్లకి అరటిపండూ గుడ్డూ పెడుతున్నారని, లెక్కల మాస్టారు సెలవురోజుల్లో కూడా వస్తున్నారని.

"ఏంటమ్మా, ఈ మధ్య అంతా పదో తరగతే చెప్తున్నారు?" అన్నారు ఒకరోజు మురళీకృష్ణ గారు.

"పబ్లిక్ పరీక్షలు కదండి సార్" అంది.

కబుర్లు పంపాక ఎవరు విన్నారో ఫోనులో కనిపిస్తుంది. ఎసరు పెట్టి వచ్చి చూసేది. వెంకన్న పేరు కనిపిస్తే బియ్యం పోసేది. ఆయన ఎప్పుడూ ఫోన్ చేయలేదు. బొటనవేలి గుర్తు కూడా పెట్టలేదు. ఆమె కూడా చేయలేదు. ఏమని చేస్తుంది? అక్టోబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిసినప్పుడు మాత్రం ఆయన పేరు ఆదివారం దాకా రాలేదు. ఆమె గుడిలో కూర్చుని కూడా ఆ మాటే ఆలోచించింది. లంకలో కరెంటు పోయిందట, తర్వాత తెలిసింది.

ఫిబ్రవరిలో పదో తరగతి పిల్లలకి వీడ్కోలు సభలు మొదలయ్యాయి. లంక దగ్గరి హైస్కూల్లో సభ పనులు సత్యవాణి అనే తెలుగు టీచరు చూస్తున్నారు. ప్రిస్కిల్లా వెళ్లి, దుర్గాశ్రీ అమ్మానాన్నల్ని పిలవొచ్చా అని అడిగింది. సత్యవాణికి ఆ పిల్ల గుర్తుంది. అయినా వెంటనే ఒప్పుకోలేదు.

"పిల్లలు సరదాగా ఉండే రోజండి. వాళ్లని చూసి పిల్లలు, పిల్లల్ని చూసి వాళ్లు… ఏడుపులవుతాయేమో."

ప్రిస్కిల్లా బతిమాలలేదు. కూర్చుని ఉండిపోయింది. కాసేపటికి సత్యవాణే, సరే వెనక వరసలో కుర్చీలు వేయిస్తాను, రమ్మనండి అన్నారు.

ఆ సాయంత్రం ఆమె మొదటిసారి వెంకన్నకి ఫోన్ చేసింది. సభ సంగతి చెప్పింది. అవతల, కాయలు వలిచే గుణపానికి కొబ్బరికాయ దిగుతున్న చప్పుడు వినిపించింది. వేరేవాళ్లెవరో వలుస్తున్నట్టుంది. ఆవిడని అడిగి చెప్తానండి అని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు.

సభ రోజు ప్రిస్కిల్లా ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడింది. అమ్మాయిలు ఓణీలు వేసుకుని, అబ్బాయిలు ఒకే రంగు చొక్కాలు కుట్టించుకుని వచ్చారు. మైకు సరిచేశారు. హెడ్మాస్టరు గారి ప్రసంగం మొదలైంది. ఇక రారనుకుంటూ ఉండగా గట్టు దారిలో ఒక ఆటో ఆగింది. వెంకన్న ఇస్త్రీ చొక్కాలో దిగాడు. వెనక పాపాయమ్మ మడతలు పోని చీరలో, చేతిలో స్టీలు డబ్బాతో దిగింది. డబ్బాలో బెల్లం పాకుండలు. పిల్లలకి అని ముందురోజు చేసిందట.

వాళ్లని హాల్లో వెనక వరసలో కూర్చోబెట్టి ప్రిస్కిల్లా తలుపు దగ్గరే నిలబడిపోయింది. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చుంటే వాళ్లకి అడ్డమవుతానేమో అనిపించింది.

ఒక్కొక్కరిని పిలిచి పరీక్ష అట్టా, పెన్నూ ఇచ్చారు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో వెళ్తున్నాయి. దివ్య వెళ్లి తీసుకుంది. తర్వాత ఈశ్వరిని పిలిచారు. ఆ రెండు పేర్లకీ మధ్య పాపాయమ్మ పెదవులు ఒకసారి కదిలాయి. వెంకన్న చూపు వేదిక మీద నుంచి తిప్పలేదు.

పాటలూ ఫోటోలూ మొదలయ్యాక ఒక అమ్మాయి బిస్కెట్ల ప్లేటు పట్టుకుని వెనకకి వచ్చింది.

"ఆంటీ, నేను సుప్రియనండి. నేనూ దుర్గా ఒకే బెంచీ."

పాపాయమ్మ ఆ పిల్లని కింది నుంచి పైదాకా చూసింది.

"ఇంత పొడుగయ్యావా" అంది. లేచి నిలబడి ఆ పిల్ల భుజం దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. "మా పిల్ల నీకన్నా పొడుగుండేది."

"అవునాంటీ. ప్రేయర్లో నా వెనకే నిలబడేది. జడ లాగేది."

పాపాయమ్మ నవ్వింది. ఆ వెంటనే కళ్లు నిండాయి గానీ కొంగు అడ్డం పెట్టుకోలేదు. డబ్బా మూత తీసి సుప్రియ చేతిలో రెండు పాకుండలు పెట్టింది. ఇంకో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. సత్యవాణి భయపడినట్టేమీ జరగలేదు. అమ్మాయిలు తింటూ ఏవో చెప్తున్నారు, పాపాయమ్మ వింటోంది. వెంకన్న కుర్చీలోనే, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గరి నుంచి ప్రిస్కిల్లాకి వాళ్ల మాటలు వినపడలేదు. మైకులో పాట ఎక్కువగా ఉంది.

వెళ్లేటప్పుడు పాపాయమ్మ ఆమె ముందు ఆగింది.

"మీరేనా శనివారం మాట్లాడేది?"

"నేనేనండి."

"గొంతు విని పెద్దావిడనుకున్నాను" అంది. ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

మార్చిలో పరీక్షలు జరిగాయి. ఏ కేంద్రానికి ఏ బస్సు, హాల్ టికెట్టు మర్చిపోకూడదని, మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలని వారం వారం చెప్పింది. ఏప్రిల్ చివర ఫలితాలొచ్చాయి. ఆ సాయంత్రమే వెంకన్న ఫోన్ చేశాడు. ఆయన తనంతట తాను చేయడం అదే మొదలు.

"సుప్రియకి ఎంతొచ్చాయండి?"

సుప్రియకి మంచి మార్కులొచ్చాయి. హైస్కూలు మొత్తంలో మూడోది. ఆ మాట చెప్పింది. ఆయన ఫోను పక్కకి పెట్టి లోపలికి చెప్పాడు. లోపలి నుంచి పాపాయమ్మ ఏదో అంది. మళ్లీ ఫోను తీసుకున్నాడు.

"మేడమ్ గారూ, ఇంక నన్ను గ్రూపులోంచి తీసెయ్యండి."

ఉండొచ్చండి, ఎవరూ ఏమీ అనరు, నేను సార్‌కి చెప్పాను అంది.

"అందుకు కాదండి. ఆ పిల్లలు ఇంక తలో దారి పోతారు. పాలకొల్లు ఒకళ్లు, నరసాపురం ఒకళ్లు. పాపతో చదివినవాళ్లు ఇంక ఆ బళ్లో లేరు. మిగతావాళ్ల సంగతి వింటే నాకు… ఎలా చెప్పాలండి… ఊరికే విన్నట్టుంటుంది. మా పాప కూడా బడి అయిపోయిందనుకుంటామండి."

"సరేనండి" అంది.

"మీరు చెప్పబట్టి ఇన్నాళ్లూ తెలిసిందండి" అన్నాడు. ఫోను పెట్టేసింది ఎవరో ఆమెకి తర్వాత గుర్తులేదు.

నంబరు తీయడానికి క్షణం పట్టదు. ఆమె ఆ పని మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో, బుజ్జిబాబు భోజనానికి వెళ్లినప్పుడు చేసింది. ఆ శనివారం పదో తరగతి ఫలితాలు చెప్పింది. బడికి పేరు తెచ్చిన పిల్లల పేర్లు చదివింది. బొటనవేలి గుర్తులు ఎప్పటికన్నా ఎక్కువ వచ్చాయి. ఎసరు మరుగుతుంటే ఫోను చూడబోయి మానేసింది.

మే నెలలో బడులు లేవు, కబుర్లూ లేవు. శనివారం సాయంత్రాలు ఆమెకి పొద్దు గడిచేది కాదు. మేడ మెట్ల మీద కూర్చుని కాలవలో గుర్రపుడెక్క కొట్టుకుపోవడం చూసేది. కింద ఇంటివాళ్ల టీవీ వినిపిస్తుంది. తమ్ముడికి ఫోన్ చేస్తే పిల్లలతో బయట ఉన్నాం అక్కా, తర్వాత చేస్తా అన్నాడు. తర్వాత చేయలేదు.

అలాంటి ఒక శనివారం స్కూటీ తీసుకుని పని లేకుండానే గట్టు దారి పట్టింది. కొబ్బరి దుకాణం దగ్గర పీచు డొక్కల పోగు పక్కన వెంకన్న వలుస్తున్నాడు. పాపాయమ్మ కాయలు ఏరి కుప్ప వేస్తోంది. ఆమెని చూసి వెంకన్న పని ఆపి, చేతులు దులుపుకుని ఒక బొండం కొట్టి ఇచ్చాడు. కొబ్బరి ధర ఎలా ఉందని ఆమె అడిగింది. పడిపోయిందని చెప్పాడు. ఎండల గురించి మాట్లాడారు. కాసేపటికి మాటలు అయిపోయాయి. వెంకన్న మళ్లీ గుణపం దగ్గరికి వెళ్లాడు.

పాపాయమ్మ ఆమె పక్కన బోర్లించిన గంప మీద కూర్చుంది.

"శనివారం ఈ టైముకి నాకు ఏం తోచట్లేదమ్మా" అంది.

"నాకూనండి" అంది ప్రిస్కిల్లా.

ఇద్దరూ వెంకన్న వలవడం చూస్తూ కూర్చున్నారు. చీకటి పడే ముందు ఆమె లేచింది. పాపాయమ్మ రెండు కాయలు సంచీలో వేసి, ఆదివారాలు ఖాళీ అయితే ఇంటికి రమ్మంది.

ఆ వేసవిలో ఆమె రెండుసార్లు వెళ్లింది. అది పెంకుటిల్లు. పెరట్లో కరివేప చెట్టు ఉంది. పాపాయమ్మ చింతకాయ పచ్చడితో అన్నం పెట్టింది. బడి మాట ఎవరూ ఎత్తలేదు. జూన్‌లో బడులు తెరిచాక పని ఎక్కువైంది. కొత్త పిల్లలు, కొత్త నంబర్లు, బూట్ల సైజులు. ఇప్పుడు కూడా ఎప్పుడైనా ఆరాధన అయ్యాక గట్టు దారిన వెళ్తుంది. మిగతా ఆదివారాలు గదిలోనే ఉంటుంది.